తెలుగు ఫైలు పేర్లను తిప్పికొట్టే ప్రోగ్రాములకు బిల్లు పాస్ చేయకండి

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల కార్యాలయాలకు దరఖాస్తుల ప్రోగ్రాములు రాయించి, పరీక్షించి, బిల్లు మంజూరు చేసే అధికారులకు. వాటిని రాసిచ్చే కాంట్రాక్టర్లకు

అయ్యా, అమ్మా,

అప్‌లోడ్ పేజీల కింద ఎర్ర అక్షరాల్లో ఒక హెచ్చరిక తరచూ కనిపిస్తుంది: ఫైలు పేరు ఇంగ్లీషులోనే ఉండాలి, స్పేసులు, చుక్కలు, ప్రత్యేక గుర్తులు వాడరాదు. ఈ ఆంక్ష కంప్యూటర్ పెట్టింది కాదు. లినక్స్ సర్వర్‌లో ఫైలు పేరులో ఉండకూడనివి రెండే బైట్లు. ఒకటి స్లాష్, రెండోది విలువ సున్నాగా ఉన్న బైటు. తెలుగు, ఉర్దూ, స్పేస్, చివరికి కొత్త లైను గుర్తు వచ్చినా కెర్నెల్‌కు (లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాముకు) అభ్యంతరం లేదు. విండోస్ నిషేధాల పట్టిక కొంచెం పొడుగు: తొమ్మిది గుర్తులు, 32 కంట్రోల్ క్యారెక్టర్లు, పాతకాలపు డివైజుల పేర్లు కొన్ని. అందులోనూ తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. మరి రైతు పంపిన ఫైలు ఆగుతున్నది ఎక్కడ? అతనికీ కెర్నెల్‌కూ మధ్య కూర్చున్న నాలుగైదు లైబ్రరీ ఫంక్షన్ల దగ్గర. అవి ఏం చేస్తాయో, ఎందుకు చేస్తాయో, ప్రోగ్రాము అప్పగించే రోజున మీరు ఏం అడగాలో ఈ లేఖలో రాస్తున్నాం. మా కోరిక ఒక్కటే: జనం ఫైలు పేర్లు మార్చుకోవాలని చెప్పడం మానేసి, ప్రోగ్రామును మార్పించండి.

మన మూడు జిల్లాల పేర్లతోనే మొదలుపెడదాం. పైథాన్‌లో ఫైలు పేరును శుభ్రం చేసే కోడ్ చాలా వరకు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలోని (అక్షరాల నమూనాలు రాసే సంకేతాల్లోని) బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ మీద నడుస్తుంది. అక్షరమో, అంకో, అండర్‌స్కోరో అయితే ఉంచు, కాకపోతే తీసెయ్ అని దాని అర్థం. పైథాన్‌తో పాటు వచ్చే ‘ఆర్ఈ’ మాడ్యూల్ దృష్టిలో అక్షరాలంటే అచ్చులూ హల్లులే. దీర్ఘం, గుడి, కొమ్ము, పొల్లు, సున్న యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే ప్రమాణంలో) ‘మార్క్’ అనే వేరే వర్గంలో ఉన్నాయి కాబట్టి వాటిని చెత్త కింద ఊడ్చేస్తుంది. ఫలితం ఇదీ:

కడప → కడప
కర్నూలు → కరనల
అనంతపురం → అనతపర
ప్రొద్దుటూరు → పరదదటర

కడపకు గుణింతపు గుర్తు ఒక్కటీ లేదు కాబట్టి బతికిపోయింది. ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. తెలుగు పేరుతో పరీక్షించి చూపించండి అని మీరు అడిగితే, కాంట్రాక్టరు ‘కడప’ అనే ఫైలు ఎక్కించి, చూశారా వచ్చింది అంటాడు. నమ్మకండి, ‘ప్రొద్దుటూరు’ ఎక్కించమనండి.

పేరు వికారంగా మారడం చిన్న నష్టం. రాజు, రాజా, రోజా ముగ్గురూ వాళ్ల పేర్లతో సర్టిఫికెట్లు ఎక్కిస్తే మూడూ ‘రజ’ అవుతాయి. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే పైథాన్ చట్రం జాంగోలో ఫైలు పేరును సరిచేసే ‘గెట్ వ్యాలిడ్ ఫైల్‌నేమ్’ చేసేది ఈ పనే: ముందు స్పేసులను అండర్‌స్కోర్లుగా మార్చి, తర్వాత చుక్క, హైఫన్, బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ కిందికి వచ్చేవి తప్ప మిగతావన్నీ తీసేస్తుంది. అయితే జాంగో స్టోరేజీకి ఒక రక్షణ ఉంది. అదే పేరు అప్పటికే ఉంటే చివర ఏడు యాదృచ్ఛిక అక్షరాలు తగిలిస్తుంది కాబట్టి పాత ఫైలు చెరగదు. శుభ్రం చేసే ఆ ఒక్క లైనును కాపీ చేసుకుని సొంతంగా రాసిన కోడ్‌లో ఆ రక్షణ ఉండదు, రోజా ఫైలు రాజు ఫైలు మీద పడుతుంది. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ఇలా ప్రవర్తించడం 2007లోనే పైథాన్ బగ్గుల పట్టికకు ఎక్కింది. విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే ‘రెజెక్స్’ మాడ్యూల్‌లో గుణింతాలు పోవు. జావాలో మామూలుగా ఇంగ్లీషు అక్షరాలే నిలుస్తాయి, యూనికోడ్ క్యారెక్టర్ క్లాస్ అనే ఫ్లాగ్ పెడితే తెలుగు పూర్తిగా నిలుస్తుంది. జావాస్క్రిప్ట్‌లో అదే గుర్తుకు ఇంగ్లీషు తప్ప ఏమీ తెలియదు. భాష ఏదైనా ఉపాయం ఒకటే: ఉంచాల్సిన వాటి జాబితా రాయకుండా తీసెయ్యాల్సిన వాటి జాబితా రాయండి. అది చాలా చిన్నది. కంట్రోల్ క్యారెక్టర్లు, రెండు స్లాష్‌లు, కోలన్, నక్షత్రం, ప్రశ్నార్థకం, డబుల్ కోట్, రెండు కోణపు బ్రాకెట్లు, నిలువు గీత. అంతే.

పైథాన్‌లోనే మరో వెబ్ చట్రమైన ఫ్లాస్క్ వాడేవాళ్లు, దాని కింద పనిచేసే లైబ్రరీ వర్క్‌జ్యూగ్‌లోని ‘సెక్యూర్ ఫైల్‌నేమ్’ను పిలుస్తారు. ఇది ఇంకో అడుగు ముందుకు పోయి ఆస్కీ (ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తుల పాత పట్టిక)లో లేని ప్రతి అక్షరాన్నీ పారేస్తుంది, తర్వాత పేరు అంచుల్లో మిగిలిన చుక్కలనూ అండర్‌స్కోర్లనూ కత్తిరిస్తుంది. ‘కర్నూలు.పిడిఎఫ్’ లోపలికి వెళితే బయటికి వచ్చేది ‘పిడిఎఫ్’ అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు, చుక్క కూడా లేకుండా. ‘అనంతపురం.పిడిఎఫ్’ వెళ్లినా అదే వస్తుంది. అప్పుడు రెండిట్లో ఒకటి జరుగుతుంది. ఎక్స్‌టెన్షన్ తనిఖీ దీని తర్వాత ఉంటే, చుక్క లేదు కాబట్టి ‘పిడిఎఫ్ ఫైళ్లు మాత్రమే అనుమతిస్తాం’ అన్న సందేశం వస్తుంది. పిడిఎఫే పంపినవాడికి తను చేసిన తప్పేమిటో అర్థం కాదు, కౌంటర్ దగ్గర క్యూ పెరుగుతుంది, ఆ ఎర్ర అక్షరాల హెచ్చరిక పుడుతుంది. తనిఖీ దీని ముందే జరిగి ఉంటే ఇంకా ఘోరం: ఫోల్డర్‌లో ‘పిడిఎఫ్’ అన్న ఒకే ఒక్క ఫైలు ఉంటుంది, అది ఆ రోజు చివరగా ఎక్కించినవారిది. వర్క్‌జ్యూగ్ వాళ్లను తప్పుపట్టలేం, పేరు ఖాళీగా కూడా తిరిగి రావచ్చని వాళ్ల డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. వాడే ముందు అది చదవాల్సింది వాడేవాళ్లే.

సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో రోగం వేరు. అక్కడ అప్‌లోడ్లు అందుకునే లైబ్రరీ మల్టర్ 1.4.5 ఎల్‌టిఎస్ వెర్షన్ కింద పనిచేసే బస్‌బాయ్, ఫైలు పేరును యుటిఎఫ్-8 (యూనికోడ్‌ను బైట్లుగా రాసే పద్ధతి) అనుకోకుండా లాటిన్-1గా (పశ్చిమ యూరప్ భాషల పాత పట్టికగా) చదువుతుంది. అప్పుడు ప్రతి తెలుగు అక్షరమూ తలమీద వాలు గీత ఉన్న చిన్న ఇంగ్లీషు ‘ఎ’తో మొదలవుతుంది, చాలా వాటికి పక్కన డిగ్రీ గుర్తు కూడా ఉంటుంది. డేటాబేస్‌లో ఆ జంట వరసగా కనిపిస్తే కారణం ఇదేనని గుర్తు పెట్టుకోండి. పోయిందేమీ లేదు, ఆ పేరును లాటిన్-1 బఫర్‌గా మార్చి మళ్లీ యుటిఎఫ్-8గా చదివితే తెలుగు తిరిగి వస్తుంది.

చుక్కల సంగతి మన కార్యాలయాలకు ప్రత్యేకం. జీవోల నంబర్లలో చుక్కలు, ఇంటిపేరు పొట్టి అక్షరాల్లో చుక్కలు, కడప జిల్లా పేరు ముందు ‘వై.ఎస్.ఆర్.’లో చుక్కలు. లైబ్రరీ ఫంక్షన్లు చివరి చుక్క తర్వాత ఉన్నదంతా ఎక్స్‌టెన్షన్ అనుకుంటాయి. పైథాన్ పాత్‌లిబ్‌లో ‘జి.ఓ.ఎం.ఎస్.నం.45’ అన్న పేరు తీసుకుని, పిడిఎఫ్ ఎక్స్‌టెన్షన్ చేర్చాలని ‘విత్ సఫిక్స్’ పిలిస్తే వచ్చేది ‘జి.ఓ.ఎం.ఎస్.నం.పిడిఎఫ్’. 45 ఎగిరిపోయింది, అదే ఎక్స్‌టెన్షన్ అని దాని లెక్క. 46కూ అదే పేరు వస్తుంది, 47కూ అదే. నంబరుతో ముగిసే జీవోలన్నీ ఒకదాని మీద ఒకటి పడి చివరిది మిగులుతుంది. ఒక్క ఎర్రర్ కూడా రాదు. ఆ ఫంక్షన్ ఎక్స్‌టెన్షన్ మార్చడానికే గానీ చేర్చడానికి కాదు. చేర్చాలంటే పేరుకు నేరుగా అతికించాలి.

చుక్కతో మొదలయ్యే పేర్ల విషయంలో భాషల మధ్య పొత్తు కుదరదు. మొదట్లో చుక్క తప్ప ఇంకెక్కడా చుక్క లేని పేరుకు ఎక్స్‌టెన్షన్ లేదని పైథాన్, నోడ్ అంటాయి. పేరంతా ఎక్స్‌టెన్షనే అని గో, పిహెచ్‌పి అంటాయి. ఎక్కించుకునే భాగం పిహెచ్‌పిలో, లోపల ప్రాసెస్ చేసే భాగం పైథాన్‌లో ఉన్నచోట ఒకరు సరేనన్న ఫైలును ఇంకొకరు వద్దంటారు. చుక్కతో ముగిసే పేర్లు విండోస్‌కు పడవు. ‘వై.ఎస్.ఆర్.’ అనే ఫోల్డర్ చేయమంటే విండోస్ చివరి చుక్కను చడీచప్పుడు లేకుండా తీసేసి ‘వై.ఎస్.ఆర్’ చేస్తుంది. అదే ఫోల్డర్‌ను లినక్స్ మెషీన్‌లో ఎన్‌టిఎఫ్ఎస్ (విండోస్ ఫార్మాట్) డిస్కు మీద చేసి, ఆ డిస్కు తెచ్చి విండోస్‌కు తగిలిస్తే, పేరు కళ్లముందు కనిపిస్తుంది, తెరవబోతే లేదంటుంది. అది వెతికేది చుక్క లేని పేరు కోసం మరి.

సర్వే నంబరు నుంచి ఫైలు పేరు తయారు చేసే ప్రోగ్రాముల మాటకొస్తే, 145/2లో ఉన్న స్లాష్ ఫోల్డర్ల మధ్య గోడ. ‘సర్వే నం 145/2.పిడిఎఫ్’ అని తెరవబోతే ‘సర్వే నం 145’ అన్న ఫోల్డర్ లేదు కాబట్టి ఫైల్ నాట్ ఫౌండ్ వస్తుంది. ఇది మంచిదే, కనీసం తెలుస్తుంది. ఫోల్డర్ లేకపోతే చేసుకోమని ముందు ‘మేక్‌డిర్స్’ పెట్టిన చోట ఎర్రర్ రాకుండా ‘సర్వే నం 145’ ఫోల్డర్ పుట్టి, అందులో ‘2.పిడిఎఫ్’ కూర్చుంటుంది. పై ఫోల్డర్‌లో ఉన్నవాటినే కాపీ చేసే బ్యాకప్‌కు అది అందదు. కోలన్ పెట్టి ‘సర్వే నం:145.పిడిఎఫ్’ అన్నారనుకోండి, విండోస్ ఎన్‌టిఎఫ్ఎస్ డిస్కు మీద ‘సర్వే నం’ అన్న సున్నా బైట్ల ఫైలు కనిపిస్తుంది. పత్రం పోలేదు, కోలన్ తర్వాతి పేరుతో ఆ ఫైలుకే వెనక తగిలించిన మరో స్ట్రీములో దాక్కుంది. ఆ ఫైలును ఫ్యాట్ ఫార్మాట్ పెన్‌డ్రైవ్‌కు కాపీ చేస్తే, ఆ కాపీలో నిజంగానే ఉండదు. ఇంకొకటి: పైథాన్ ‘పాత్ జాయిన్’కు ఇచ్చిన రెండో ముక్క స్లాష్‌తో మొదలైతే మొదటి ముక్కను పక్కన పడేస్తుంది. అప్‌లోడ్ ఫోల్డర్‌కు ఫైలు పేరు కలుపుతున్నామనుకుంటే, పంపినవాడు కోరుకున్న చోటికి రాసేస్తుంది. గోలోని జాయిన్, నోడ్‌లోని పాత్ జాయిన్ అలా చేయవు, లోపలే కలుపుతాయి, కానీ రెండు చుక్కలతో పై ఫోల్డర్‌కు ఎగబాకితే అవీ ఆపవు. కలిపిన తర్వాత అసలు దారి తేల్చుకుని, అది అప్‌లోడ్ ఫోల్డర్ లోపలే ఉందో లేదో చూసుకోవాల్సిన బాధ్యత ప్రోగ్రామరుదే.

కంటికి ఒకేలా కనబడి, కంప్యూటర్‌కు వేరుగా కనబడే పేర్లు ఇంకో పెద్ద తలనొప్పి. ‘మైదుకూరు’ తీసుకోండి. అందులోని ఐత్వానికి యూనికోడ్‌లో 3144 అన్న ఒకే సంఖ్య ఉంది. అదే ఐత్వాన్ని 3142 (ఎత్వం), 3158 (కింది గుర్తు) అని రెండు ముక్కలుగానూ రాయొచ్చు. మొదటి రకం ‘మైదుకూరు’ 24 బైట్లు, రెండోది 27. తెర మీద తేడా ఉండదు. ఇలా అధికారికంగా విడిపోయే తెలుగు గుర్తు ఇదొక్కటే, కానీ ‘రైతు’ అన్న మాటలోనే ఉంది చూడండి. పాత మ్యాక్‌ల హెచ్ఎఫ్ఎస్ ప్లస్ డిస్కులు ప్రతి పేరునూ విడగొట్టి దాచుకునేవి, కాబట్టి అక్కడ జిప్ చేసి పంపినవి విడిపోయిన రూపంలోనే వస్తాయి. లినక్స్ సర్వరుకు అవి రెండు వేరు వేరు ఫైళ్లు. డేటాబేస్‌లో ఒక రూపం, డిస్కు మీద ఇంకో రూపం ఉంటే ‘ఫైలు దొరకలేదు’ అని వస్తుంది, ఆ ఫోల్డర్ తెరిచిచూస్తే ఫైలు అక్కడే ఉంటుంది. మందు ఉంది. పైథాన్‌లో యూనికోడ్‌డేటా, జావాలో నార్మలైజర్, పిహెచ్‌పిలో ‘ఐఎన్‌టిఎల్’ ఎక్స్‌టెన్షన్, జావాస్క్రిప్ట్‌లో స్ట్రింగ్ మీదే ఉండే నార్మలైజ్. అన్నింటిలో ఎన్ఎఫ్‌సి (విడిపోయిన ముక్కలను ఒకే సంఖ్యగా కలిపే) రూపం వాడాలి. అయితే దీన్ని పేర్లు పోల్చడానికే వాడండి. డిస్కు మీద ఉన్న ఫైలును తెరవడానికి మాత్రం డైరెక్టరీ లిస్టింగ్ ఇచ్చిన పేరును ముట్టుకోకుండా అలాగే తిరిగివ్వాలి. నార్మలైజ్ చేసి తెరవబోతే, ఉన్న ఫైలే లేదంటుంది.

ఎన్ఎఫ్‌సి కూడా పట్టించుకోనిది 8204, అంటే పొల్లు తర్వాత ఒత్తు పడకుండా ఆపే కంటికి కనపడని అక్షరం. ‘హాల్‌టికెట్’ అని సరిగ్గా కనిపించాలంటే అది ఉండాలి. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతటవే పెడతాయి, కొన్నిట్లో విడిగా నొక్కాలి. ఆ మాట చివర అది మిగిలిపోతే కనిపించే తేడా ఏమీ ఉండదు, ఫైలు మాత్రం వేరే అవుతుంది. వెతకడానికి వాడే కీ నుంచి 8204, 8205 రెండూ తీసేయండి, చూపించే పేరులో ఉంచండి. మూడోది, సున్న. ‘అనంతపురం’లో రావాల్సిన సున్న 3074. తెలుగు అంకె సున్నా 3174. రెండూ గుండ్రమే. అంకె సున్నాతో టైపు చేసిన ఊరిపేర్లు కావలసినన్ని ఉన్నాయి. వింతేమిటంటే, పైన చెప్పిన పైథాన్ శుద్ధిలో ఒప్పు సున్న చెత్త కింద పోతుంది, తప్పు సున్నా అంకె కాబట్టి నిలుస్తుంది.

పొడవు గురించి అధికారులకు తప్పక తెలియాల్సింది ఒకటుంది. లినక్స్ ఈఎక్స్‌టి4లో ఒక పేరుకు 255 బైట్లు. తెలుగు సంఖ్య ఒక్కొక్కటీ మూడు బైట్లు, కాబట్టి 85 సంఖ్యలే పడతాయి. సంఖ్య అంటే మనం చదివే అక్షరం కాదు, అచ్చుకూ హల్లుకూ గుణింతపు గుర్తుకూ యూనికోడ్ విడివిడిగా ఇచ్చిన నంబరు. ‘పట్టాదారు పాసు పుస్తకం’ చదివితే తొమ్మిది అక్షరాలు. కంప్యూటర్‌కు అవి 20 తెలుగు సంఖ్యలు, రెండు స్పేసులు, మొత్తం 62 బైట్లు. దాని వెనక రైతు పేరు, తండ్రి పేరు, గ్రామం, మండలం, జిల్లా చేర్చితే 255 దాటడానికి ఎంతో సేపు పట్టదు. హోమ్ ఫోల్డర్‌ను ఈక్రిప్ట్ఎఫ్ఎస్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన మెషీన్‌లో హద్దు 143 బైట్లే, అంటే 47 సంఖ్యలు. విండోస్‌లో అదే పేరుకు 255 సంఖ్యల దాకా చోటుంది. ఆఫీసు డెస్క్‌టాప్ మీద చక్కగా సేవ్ అయిన ఫైలు సర్వరుకు వెళ్లి ‘పేరు మరీ పొడుగు’ అని ఎర్రర్ 36తో తిరిగొచ్చేది ఇందుకే. కోడ్ రాసేవాళ్లు దీనికి చేసే వైద్యం పేరును కోసెయ్యడం. చుక్కతో కలిపి ఎక్స్‌టెన్షన్‌కు నాలుగు బైట్లు తీసేసి 251 దగ్గర కోస్తే, 83 సంఖ్యలు పోగా రెండు బైట్ల మొండెం మిగులుతుంది. అది చెల్లని యుటిఎఫ్-8. పైథాన్ దాన్ని 2009 నుంచి ఉన్న సరోగేట్ ఎస్కేప్ పద్ధతిలో మోసుకుపోతుంది కాబట్టి ఫైలు తెరుచుకుంటుంది, ఎక్కడో లాగ్‌లో ఆ పేరు ప్రింట్ చేయబోయినప్పుడు యూనికోడ్ ఎన్‌కోడ్ ఎర్రర్‌తో ప్రోగ్రాము పడిపోతుంది. బైట్లు కాకుండా సంఖ్యలు లెక్కపెట్టి కోస్తే మొండెం ఉండదు గానీ పొల్లు దగ్గర తెగితే ‘పుస్తకం’ ‘పుస్’ అవుతుంది. కోయక తప్పదంటే అక్షరం మొత్తంగా లెక్కపెట్టే ఫంక్షన్లు, పిహెచ్‌పిలో గ్రాఫీమ్ సబ్‌స్ట్రింగ్, జావాస్క్రిప్ట్‌లో ‘ఐఎన్‌టిఎల్’ సెగ్మెంటర్ (కొత్త వెర్షన్లు, పాతవి ఒత్తును విడగొడతాయి) వాడి, ఆ ముక్కల బైట్లు కూడుకుంటూ 251 దాటకముందే ఆగాలి.

పగలంతా పనిచేసి రాత్రి క్రాన్‌లో (వేళకు ప్రోగ్రాములను తానే నడిపే లినక్స్ ఏర్పాటులో) ఫెయిలయ్యే ప్రోగ్రాముల మర్మం లొకేల్‌లో, అంటే భాష, ఎన్‌కోడింగ్ సెట్టింగులో ఉంది. క్రాన్ మీ లాగిన్ సెట్టింగులను తెచ్చుకోదు, చాలా చోట్ల వట్టి ‘సి’ లొకేల్‌తో నడుస్తుంది. ఆ స్థితిలో జావా తెలుగు పేరుకు ఇన్‌వ్యాలిడ్ పాత్ ఎక్సెప్షన్ విసురుతుంది. జెడికె 18 నుంచి డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ యుటిఎఫ్-8 అయింది కదా అంటారు, అది ఫైల్లోని విషయానికి, పేర్లకు కాదు. పిహెచ్‌పి బేస్‌నేమ్ లొకేల్ మీద ఆధారపడుతుంది, సరైనది పెట్టకపోతే ఫలితానికి హామీ లేదు. అలాంటప్పుడు, షెల్‌కు ఇచ్చేముందు వాడే ఎస్కేప్‌షెల్‌ఆర్గ్ తెలుగు బైట్లను మింగేస్తుంది. పైథాన్ 3.7 నుంచి ‘సి’ లొకేల్ చూస్తే తానే యుటిఎఫ్-8కు మారుతుంది. క్రాన్ ఫైలు పైన ఎల్‌సి ఆల్ విలువను ‘సి.యుటిఎఫ్-8’ అని ఒక్క లైను రాస్తే జావా సమస్య తీరుతుంది. పిహెచ్‌పి 8.0 నుంచి ఆ విలువను తనంతట తాను తీసుకోదు, ప్రోగ్రాములోనే ‘సెట్‌లొకేల్’ పిలవాలి.

విండోస్ మీద నడిచే పాత సి, సి++ ప్రోగ్రాములకు మాత్రం ఒక లైనుతో తీరదు. విండోస్‌లో తెలుగుకు ఆన్సీ కోడ్ పేజీ (యూనికోడ్‌కు ముందు తరం ప్రోగ్రాములు వాడే అక్షరాల పట్టిక) అంటూ ఎప్పుడూ లేదు. పాత తరహా ఫంక్షన్లకు తెలుగు పేరు ఇస్తే ప్రతి సంఖ్యా ప్రశ్నార్థకం అవుతుంది, ప్రశ్నార్థకం విండోస్ ఫైలు పేరులో చెల్లదు. ఎఫ్ఓపెన్ బదులు డబ్ల్యూఎఫ్ఓపెన్ వాడాలి, లేదా విండోస్ 10 1903 వెర్షన్ నుంచి ప్రోగ్రాము మ్యానిఫెస్టులో యాక్టివ్ కోడ్ పేజీ యుటిఎఫ్-8 అని ప్రకటించాలి. విండోస్‌లో పిహెచ్‌పి 7.1 కన్నా పాతది నడుస్తుంటే దాని గురించి చర్చే వద్దు, మార్చేయండి.

జిప్ ఫైళ్లకు ఒక చిన్న జెండా ప్రాణం. ప్రతి ఫైలు పేరు పక్కన ఉండే జెండాల్లో 11వ బిట్ పెడితే పేరు యుటిఎఫ్-8 అని అర్థం, పెట్టకపోతే ఐబిఎం పాత కోడ్ పేజీ 437 అని. బిట్ పెట్టకుండా తెలుగు నింపిన జిప్‌ను పైథాన్ జిప్‌ఫైల్‌తో విప్పితే ప్రతి సంఖ్యా గ్రీకు ఆల్ఫాతో మొదలై, దాని పక్కన చుక్కలతో నిండిన పెట్టె వస్తుంది. పైథాన్ 3.11 నుంచి మెటాడేటా ఎన్‌కోడింగ్ అనే పారామీటరుకు యుటిఎఫ్-8 ఇచ్చి చదవొచ్చు. డౌన్‌లోడ్‌కు సంబంధించి, ఫైలు పేరు ఏమిటో బ్రౌజరుకు చెప్పే కంటెంట్ డిస్పొజిషన్ హెడర్‌లో తెలుగు పేరును నేరుగా కుక్కకండి. పక్కన నక్షత్రం ఉన్న ఫైల్‌నేమ్ పారామీటరులో, శాతం గుర్తులతో ఎన్‌కోడ్ చేసి పంపాలని 2011లో వచ్చిన ఆర్ఎఫ్‌సి 6266 చెబుతుంది. ‘కర్నూలు’ అప్పుడు 63 గుర్తుల పొడుగవుతుంది, కంగారు పడకండి, బ్రౌజరు దాన్ని మళ్లీ కర్నూలు చేసే సేవ్ చేస్తుంది.

బ్యాకప్ స్క్రిప్టుల్లో ఎల్ఎస్ (ఫైళ్ల పేర్లు చూపే లినక్స్ ఆజ్ఞ) ఇచ్చిన జాబితాను లూపులో తిప్పేవి కనిపిస్తే అక్కడే ఆపండి. స్పేస్ దగ్గర పేరు రెండు ముక్కలవుతుంది, ‘రైతు పత్రం’ బదులు ‘రైతు’, ‘పత్రం’ అన్న లేని ఫైళ్ల కోసం వెతుకుతుంది. ఫైండ్‌కు ప్రింట్ జీరో, ఎక్స్‌ఆర్గ్స్‌కు సున్నా ఆప్షన్ ఇస్తే పేర్ల మధ్య సున్నా బైటే హద్దు, అది ఏ పేరులోనూ ఉండదు. ఈ రెండూ 2024 పోసిక్స్ ప్రమాణంలోకి కూడా వచ్చాయి. హైఫన్‌తో మొదలయ్యే పేరును ఆజ్ఞలు ఆప్షన్ అనుకుంటాయి, అందుకే పేర్ల ముందు రెండు హైఫన్లు విడిగా పెట్టాలి. చదరపు బ్రాకెట్లున్న పేరును గ్లాబ్ ఫంక్షన్ నమూనాగా చదివి ఏమీ దొరకలేదంటుంది, పైథాన్‌లో దానికి గ్లాబ్ ఎస్కేప్ ఉంది.

ఇన్ని గోతులున్నప్పుడు అసలు దారి వాటిలో దిగకపోవడం. డిస్కు మీద ఫైలుకు దరఖాస్తుదారుడి పేరూ వద్దు, సర్వే నంబరూ వద్దు. 32 అంకెల యూయూఐడి (మళ్లీ ఇంకో ఫైలుకు రాని యాదృచ్ఛిక గుర్తు) ఒకటి పుట్టించి దాన్నే పేరుగా పెట్టండి. ఎక్స్‌టెన్షన్‌ను పంపినవాడి పేరు నుంచి కాకుండా ఫైలు మొదటి బైట్ల నుంచి తేల్చండి: పిడిఎఫ్ అయితే 37, 80, 68, 70, 45, జేపెగ్ అయితే 255, 216, 255. పంపిన పేరును వచ్చింది వచ్చినట్టు డేటాబేస్‌లో ఒక కాలమ్‌లో దాచండి, తిరిగిచ్చేటప్పుడు ఆ పేరుతోనే ఇవ్వండి. ఎన్ఎఫ్‌సి చేసి, 8204, 8205 తీసేసిన రూపం ఇంకో కాలమ్‌లో, వెతకడానికి. ఇలా కడితే పైన చెప్పిన వాటిలో ముప్పాతిక భాగం మీ ప్రోగ్రామును తాకదు. జిప్, డౌన్‌లోడ్ హెడర్, వెతుకులాట మిగులుతాయి.

టెండర్ షరతుల్లో ‘తెలుగుకు మద్దతు ఉండాలి’ అని రాయడం వల్ల ఉపయోగం లేదు, కాంట్రాక్టరు స్క్రీన్ మీద తెలుగు చూపించి సంతకం పెట్టించుకుంటాడు. పేర్లు రాయండి. ఈ పేర్లతో పిడిఎఫ్‌లు ఎక్కించి, జాబితాలో చూసి, వెతికి, డౌన్‌లోడ్ చేసి, జిప్‌లో తీసి, రాత్రి బ్యాకప్ నుంచి ఇంకో మెషీన్‌లో రీస్టోర్ చేసి చూపించమనండి:

ప్రొద్దుటూరు రైతు (1)
రాజు, రోజా (ఒకే ఫోల్డర్‌లోకి, ఒకదాని తర్వాత ఒకటి)
మైదుకూరు (ఐత్వం 3144తో ఒకటి, 3142, 3158తో ఒకటి, ఏది వెతికినా రెండూ దొరకాలి)
హాల్‌టికెట్ (8204తో ఒకటి, లేకుండా ఒకటి)
జి.ఓ.ఎం.ఎస్.నం.45, జి.ఓ.ఎం.ఎస్.నం.46
వై.ఎస్.ఆర్.
హైఫన్‌తో మొదలయ్యే పేరొకటి, చదరపు బ్రాకెట్లున్నది ఒకటి, మధ్యలో కొత్త లైను గుర్తు ఉన్నది ఒకటి
100 తెలుగు సంఖ్యల పేరొకటి

కొత్త లైను గుర్తున్న పేరును విండోస్ నుంచి పంపలేరు, లినక్స్ మెషీన్ నుంచో చిన్న స్క్రిప్టుతోనో పంపాలి. 100 సంఖ్యల పేరు 300 బైట్లు కాబట్టి లినక్స్ డిస్కు మీద పట్టదు, దాన్ని విండోస్ నుంచో స్క్రిప్టుతోనో పంపాలి. తిరిగి వచ్చిన ప్రతి ఫైలు షా-256 (ఫైలులోని బైట్ల నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి సంఖ్య) పంపిన దానితో సరిపోవాలి, పేరు కూడా సరిపోవాలి. కొత్త లైను గుర్తున్న పేరును ప్రోగ్రాము స్పష్టమైన కారణం చెప్పి తిరస్కరిస్తే అదీ పాసే. తిరస్కరించకుండా, చెప్పకుండా పేరు మార్చి ఉంచుకుంటే ఫెయిల్. చివరి వాయిదా సొమ్ము ఈ పరీక్ష ఫలితానికి ముడిపెట్టండి.

కోడ్‌ను గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనంలో) అప్పగించేటప్పుడు తెలుగు పేర్లున్న పరీక్ష ఫైళ్లు గిట్ స్టేటస్‌లో బ్యాక్‌స్లాష్‌లూ అంకెలుగా కనిపిస్తాయి, ‘కడప’ మొదటి అక్షరమే బ్యాక్‌స్లాష్ 340, 260, 225 అని వస్తుంది. పేరు చెడిపోయిందని వెనక్కి పంపకండి. కోర్ కోట్‌పాత్ అన్న సెట్టింగును ఫాల్స్ చేస్తే తెలుగులోనే చూపిస్తుంది.

ఇక ఇప్పటికే డిస్కుల మీద ఉన్న పాత ఫైళ్లు. కొత్త ప్రోగ్రాము వచ్చిందని వాటిని ఊరికే రీనేమ్ చేయించకండి. ముందు ప్రతి ఫైలుకూ ఉన్న పేరు, సైజు, షా-256 ఒక పట్టికలో రాయించండి. పేరును బైట్ల రూపంలోనే రాయాలి, తెర మీద కనిపించిన రూపంలో కాదు. ‘రజ’ లాంటి పేర్లు పాత రూపానికి ఎలాగూ రావు, గుణింతం పోయింది పోయినట్టే. వాటికి దరఖాస్తు నంబరు ఆధారంగా డేటాబేస్ నుంచి పేరు తెచ్చుకోవాలి, అక్కడా లేకపోతే పత్రం తెరిచి చూసి మనిషే పేరు ఎక్కించాలి. విడిపోయిన ఐత్వాలకు లినక్స్‌లో కాన్వ్‌ఎంవి అనే సాధనం ఉంది. ఎన్ఎఫ్‌సి ఆప్షన్‌తో నడిపితే ఏ పేరు ఏమవుతుందో జాబితా చూపించి ఆగుతుంది. నోటెస్ట్ అని విడిగా చెబితే తప్ప ఒక్క పేరూ మార్చదు. ఆ జాబితాలో ఒకే పేరుగా మారబోతున్న జంటలుంటే ముందు వాటిని చేత్తో తేల్చుకుని, ఆ తర్వాతే నోటెస్ట్ ఇవ్వండి.

ఇట్లు,
ఈ మూడు జిల్లాల్లో ప్రోగ్రాములు రాసి, సర్వర్లు నడిపే కొందరం